ఎండకు పెట్టిన మొహరు

ఇప్పుడు లోకం చూసి రావాలంటే విమానాలు, పెట్టెలు, టీకాలు అని నానా తంటాలు పడుతున్నారు గానీ, నా పంతొమ్మిదో ఏట అంత కష్టం లేకుండేది. చేవెళ్లలో సర్కారువారి ముసాఫిర్ బంగళా వరండాలో ఒక కాలు విరిగిన పడక కుర్చీ ఉండేది (విరిగిన కాలి కింద రెండు ఇటుకలు పెట్టాను. అసలు కాళ్లు ఆ ఇటుకలేననీ, మిగతా మూడూ అలంకారమనీ మొదటి వారంలోనే నడుముకు తెలిసింది). మధ్యాహ్నం అన్నం తిని పుస్తకం పట్టుకొని అందులో కూర్చుంటే పొద్దు వాలేలోపల ఏ దేశమైనా పోయి రావచ్చు. ఇసుక తప్ప నీడ దొరకని దేశం, వీధులకు బదులు కాలువలున్న దేశం, కాగితంతో ఇళ్లు కట్టుకొని దగ్గడానికి కూడా జంకే దేశం, అన్నీ తిరిగాను. కష్టమల్లా చేవెళ్ల నుంచి మా మేనమామ ఉండే మొయినాబాదుకు పోవడమే. అవి యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సు బొగ్గుతో నడిచేది. నడిచేదంటే సగం దూరం అది నడిచేది, సగం దూరం మేము దాన్ని నడిపించేవాళ్లం. పది పన్నెండు మైళ్లు పోయి దిగేసరికి మా మామ నన్ను గుర్తుపట్టడానికి ఒక బిందె నీళ్లు కావలసివచ్చేది.

ఆ బంగళాకు నేను మున్షీని. దారిన పోయే సర్కారు అధికారులెవరైనా ఒక పూట ఆగితే వారి పేరు, ఊరు, వచ్చిన వేళ, పోయిన వేళ పుస్తకంలో రాసి కింద మొహరు, అంటే సర్కారు ముద్ర, వేయడం నా ఉద్యోగం. మొహరంటే అట్లాంటి ఇట్లాంటిది కాదు. గట్టి ఇత్తడి. పిడి మీద రెండు రంధ్రాలు, వాటిలో ఎర్రతాడు. ముఖం మీద ఉర్దూ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేవి. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన నాడు మా మామ దాన్ని నా అరచేతిలో పెట్టి, పిల్లనిచ్చే మామ అల్లుడితో మాట్లాడినంత గంభీరంగా అన్నాడు: "చూడురా అల్లుడా, గీ మొహరు పోతే నౌకరి పోతది. నౌకరి పోతే నా ఇజ్జత్ పోతది. ఇజ్జత్ పోయినంక మళ్ల మొయినాబాద్‌ల కాలు పెట్టకు." తల్లీ తండ్రీ లేని నాకు కాలు పెట్టడానికి ఉన్న చోటు అదొక్కటే. కనుక ఆ మొహరు బరువు పావుసేరే అయినా నా చేతిలో ఒక మణుగు తూగింది.

బంగళా ఊరికి దూరంగా రాళ్లగుట్ట మీద ఉండేది. నెలకు ఒకరో ఇద్దరో ముసాఫిర్లు. మిగతా రోజులు నేను, గాలి, తలుపు రెక్కలు. ఊళ్లోకి పోదామంటే నన్ను చూడగానే జనం లేచి నిలబడేవాళ్లు, మాటలు ఆపేసేవాళ్లు. 'సర్కారు మనిషి వచ్చిండు' అని ఒకరు గొణగడం, అందరూ పశువులకు నీళ్లు పెట్టే పని గుర్తొచ్చి వెళ్లిపోవడం. (ఒకసారి నేను రచ్చబండ దగ్గర దగ్గితే ఇద్దరు శిస్తు కట్టడానికి బయలుదేరారని చెప్పుకునేవారు. ఇద్దరు కాదు, ఒక్కరే.) అట్లా పంతొమ్మిదేళ్లకే నేను ఊరంతటికీ దొరనయ్యాను. మాట్లాడటానికి మాత్రం మనిషి లేడు. రోజూ పొద్దు గూకగానే, వచ్చేవాడున్నా లేకున్నా, రోడ్డు మీదికి కనబడేట్టు వరండాలో కందిలి వెలిగించి వేలాడదీయాలని హుకుం. వెలిగించేవాణ్ణి. దాని వెలుగులో నా నీడ ఒకటి వచ్చి గోడకు కూర్చునేది. అంతే మా సభ.

ఉన్న ఒక్క తోడు సూపవ్వ. సాహెబులకు వంట చేసే ముసలమ్మ. మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్న క్రైస్తవురాలు. ఆమె సూపు చేస్తే చెంచా నిలబడేది, తాగినవాడు కూర్చుండిపోయేవాడు, అందుకా పేరు. ఆమెకు బైబిలు తప్ప వేరే భూగోళం తెలియదు. నేను ఏ దేశం పేరు చెప్పినా, "యెరూషలేముకు ఇవుతలనా, అవుతలనా?" అని ఒకటే ప్రశ్న. అవుతల అంటే భయపడేది, ఇవుతల అంటే సంతోషించేది. నేను ఆమె సంతోషం కోసం సగం ప్రపంచాన్ని ఇవుతలికి జరిపాను.

పుస్తకాలు ఎక్కడివంటారా? ముసాఫిర్లు మరిచిపోయి పోయినవి. గోడ బీరువాలో పదకొండు ఉండేవి, అన్నీ ఇంగ్లీషువే. నేను చదివింది ఉర్దూ బడి, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు మాత్రం వారానికి మూడు గంటల చుట్టరికం. సాయానికి ఒక నిఘంటువు ఉండేది కానీ దాన్ని చెదలు ఎమ్ అనే అక్షరం దాకా మిగిల్చి తక్కినదంతా ఆరగించాయి. కాబట్టి ఎ నుంచి ఎమ్ దాకా నేను పండితుణ్ణి. ఎన్ నుంచి కవిని.

ఆ పదకొండింటిలో ఒకటి నన్ను పట్టుకుంది. ఎక్కడో ఉత్తరాన చలి సముద్రం. (సముద్రం అప్పటికి నేను చూడలేదు. గండిపేట చెరువుకు అవతలి గట్టు తీసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందని ఊహించుకొని సరిపెట్టుకున్నాను.) ఆ సముద్రం నడుమ ఒక బండ, బండ మీద దీపస్తంభం. అందులో సర్కారు నియమించిన ఒంటరి మనిషి. రోజూ పొద్దు గూకగానే ఓడలు వచ్చినా రాకున్నా దీపం వెలిగించాలి. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి వరండాలో కందిలి వంక చూశాను. నా వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టయింది. తరువాతి పేజీలో ఇంకా పెద్ద విశేషం. ఆ మనిషికి లోకంలో ఉన్న తోడు ఒక్కటేనట. సీలు!

సీలు అనే మాటకు నిఘంటువు ఎందుకు? నేను సర్కారు నౌకరును. సీలంటే మొహరు. అది ఎస్ అక్షరమైనా నా సొంతం.

అప్పుడు మొదలైంది మా మధ్యాహ్న పారాయణం. నేను ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పడం, సూపవ్వ బియ్యంలో రాళ్లేరుతూ వినడం. "ఆయన రోజూ బండ మీద కూర్చుని మొహరుతో మాట్లాడేవాడట అవ్వా."

"పాపం! మనిషన్నోడు లేకుంటే ఏం జేస్తడు బిడ్డా. మొహరు ఏమన్నా పలుకుతుండెనా?"

పలికేదని ఉంది. 'బార్క్' చేసిందట. బి కదా, ధైర్యంగా నిఘంటువు తీశాను. చెట్టు బెరడు అని ఉంది. అంటే ఆ దేశంలో మొహర్లు కర్రవి! అన్నీ అట్లాగే అతికాయి. దానికి రెండు కళ్లున్నాయట. సూదికి ఒక కన్ను ఉండగా మొహరు పిడికి తాడు కోసం రెండు ఉండవా? ఒంటి మీద మెత్తని బొచ్చుందట. బొచ్చుసంచిలో దాచుకున్నాడు, చలిదేశం గదా. చేప తినిపించాడట. ఇక్కడ కొంచెం తడబడ్డాను గానీ, తుప్పు పట్టకుండా చేపనూనె రాశాడని తేల్చాను. పిలిస్తే వచ్చేదట. ఇందులో వింతేముంది? మా కచేరీల్లో కాగితాలు పోతాయి, వస్తాయి, పడుకుంటాయి, ఏళ్ల తరబడి నడుస్తాయి. ఒక మొహరు పిలిస్తే రాదా?

"గా ఊరోళ్లు మొహర్లను వేటాడి తింటరని ఉన్నది అవ్వా" అన్నాను ఒకనాడు, నాకే నమ్మకం చాలక.

అవ్వ చేట ఆపింది. "ఎందుకు తినరు? ఈడ పైసలు తినంది మొహరు పడదు. ఆడ నడిమిట్ల మనిషెందుకని సీదా మొహర్నే తింటరు గావచ్చు."

ఇంత లోకజ్ఞానం ముందు నిఘంటువు ఏపాటిది!

అన్నిటికంటే నన్ను కదిలించినది, ఆ సీలు రోజూ మధ్యాహ్నం బండ మీద ఎండ కాగుతూ పడుకునేదన్న ముక్క. నిజమే కదా, మొహరు చెమ్మగిల్లితే అచ్చు చెదురుతుంది. ఇంత చిన్న సంగతి మా పెద్దలకు తట్టలేదే అనుకొని, మరునాటి నుంచి నా ఇత్తడి మొహరును బంగళా ముందరి బండ మీద ఎండకు పెట్టడం ప్రారంభించాను. పక్కన నేనూ కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చోవడమెందుకని నాలుగు మాటలు. మొదట పని సంగతులే. "ఇవాళ కూడా ఎవరూ వచ్చేట్టు లేరు." తరువాత మామ సంగతులు. ఆ తరువాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మా అమ్మ సంగతులు. సాయంత్రం దాన్ని చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, ప్రాణమున్నదానిలా ఉండేది. నా చేతిని ఎవరో పట్టుకున్నట్టుండేది. వంటింటి కిటికీలోంచి సూపవ్వ చూస్తూ ఉండేదని అప్పుడు నాకు తెలియదు.

కథ చివరికి వస్తున్నది. ఒకరోజు సీలు రాలేదు. రెండోరోజు రాలేదు. దీపం మనిషి బండ చుట్టూ వెతికాడు, పేరు పెట్టి పిలిచాడు. (మొహరు పోయిన మున్షీ గుండె ఎట్లా కొట్టుకుంటుందో రాసినవాడికి నాకంటే బాగా ఎట్లా తెలిసిందా అనిపించింది.) చివరికి, ఏళ్ల తరువాత మొదటిసారి, పడవ తాడు విప్పి, దాన్ని ఎవరైనా చూశారేమో అడుగుదామని మనుషులుండే ఒడ్డుకు బయలుదేరాడు. అంతే. ఆ తరువాతి పేజీలు లేవు. నిఘంటువును తిన్న చెదల కుటుంబమే ఇక్కడికీ విందుకు వచ్చినట్టుంది.

"మరి ఒడ్డు మీద ఏమైంది?" అంది సూపవ్వ.

"చెదలకెర్క."

ఆమె చాలాసేపు నా వంకా, బండ వంకా చూసి చేట పట్టుకొని లోపలికి పోయింది.

మూడు రోజులకు, బండ మీద మొహరు లేదు. నేను లోపలికి పోయి మంచినీళ్లు తాగి వచ్చేంతలో మాయం. బండ కింద, బండ మీద, పక్క బండల మీద, చివరికి బండను ఎత్తగలిగితే లోపల కూడా చూసేవాణ్ణి. కాకిని అనుమానించాను. కాకి తన మానాన తాను పోయింది. కళ్ల ముందు మామ, మామ వెనక మొయినాబాదు, రెండూ ముఖం తిప్పుకొని నిలబడ్డాయి. వంటింట్లోకి పోయి అడిగితే సూపవ్వ పొయ్యి ఊదుతూ, తల ఎత్తకుండా, "నాకేం ఎరుక బిడ్డా? ఊర్లకు పోయి అడుగు. నలుగుర్ని అడిగితే నాలుగు తీర్ల చెప్తరు" అంది.

పోయాను. దొరతనం అంతా గుట్ట మీదే వదిలి, చెప్పులు కూడా మరిచి, మొదటి గుమ్మంలో నిలబడి, "గుండ్రంగ, ఇత్తడిది, ఎవరన్నా చూసిన్రా?" అన్నాను. ముందు అలవాటు ప్రకారం లేచి నిలబడ్డారు. నా కళ్లలో నీళ్లు చూసి కూర్చున్నారు. తరువాత నన్నూ కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం లోపల చేవెళ్లలో ఉన్న గుండ్రటి ఇత్తడి సమస్తం నా ముందుకొచ్చింది. మేకల మెడ గంటలు, చెంబు మూతలు, రోకలి పొన్ను, ఒక తాతగారి పొడుండబ్బీ. కంసాలాయన అయితే, "ఫికర్ జేయకు మున్షీ, పోతే పోయింది, గసొంటిదే ఇంకోటి పోసిస్త. రాతలు మాత్రం సీదా వస్తయి, ఉల్టా నాకు రావు" అన్నాడు. పదకొండు ఇళ్లలో మజ్జిగ తాగాను. (పన్నెండో ఇంట్లో కూడా పోశారు గానీ లోపల చోటు లేక చేతిలో పట్టుకొని కూర్చున్నాను.) "నీకు అమ్మ లేదా బిడ్డా?" అని ఒకావిడ అడిగింది. ఆ ప్రశ్న ఆ ఊళ్లో అడుగు పెట్టాక నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. మొహరు దొరకలేదు. కానీ తిరిగి గుట్ట ఎక్కుతుంటే వెనక నుంచి, "రేపు మళ్ల రా, ఇంకా పడమటి దిక్కు ఇండ్లు ఉన్నయి" అని ఎవరో కేకేశారు.

రెండో రోజూ పోయాను. మూడో రోజు పోబోతుంటే పట్నం నుంచి తనిఖీ సాహెబు దిగాడు. మనిషి పొడుగు ఆరడుగులు, మీసాలు మరో రెండడుగులు. కూర్చోగానే పుస్తకం తిరగేసి, తన పేరు రాయించి, "ఊఁ, మొహర్ వెయ్" అన్నాడు. నేను నేలను చూశాను. "మొహర్ ఏది?" అన్నాడు. నిజం చెప్పేశాను. "ఎండకు పెట్టిన సాహెబ్, పోయింది."

"ఎండకా? మొహరేమన్నా మామిడి ఒరుగా?"

ఇక దాచి లాభం లేక బీరువాలోంచి పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి చూపాను. సాహెబు చదివాడు. మీసాలు ముందు కదిలాయి, తరువాత పొట్ట, తరువాత కుర్చీ. ఇటుకలు రెండూ చెరో దిక్కుకు దొర్లిపోయి సాహెబు నేల మీద కూర్చుని కూడా నవ్వడం ఆపలేదు. "అరే దీవానే! సీల్ అంటే జానవర్ రా! సముద్రంల ఉంటది. కుక్క మొఖం, చేప తోక! అది ఎండల పండుకోక ఏం జేస్తది!"

మీరు నమ్మరు గానీ, నాకు ముందు తోచింది నౌకరి సంగతి కాదు. లోకంలో నాలాంటివాడు ఒకడున్నాడనుకున్నాను. అతను మొహరుతో మాట్లాడుకున్నవాడు కాదట. అతనికి పిలిస్తే పలికే ప్రాణి ఉండేదట. అంటే ఇన్నాళ్లూ ఇత్తడితో మాట్లాడిన మనిషిని, ఉత్తరాన గానీ దక్షిణాన గానీ, నేనొక్కణ్ణే.

నవ్వు తగ్గాక సాహెబు ముఖంలో సర్కారు తిరిగొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, "నవ్వు నవ్వే, మొహర్ మొహరే. అది లేకుంటే రేపటికెల్లి నువ్వు ఈడ లేవు" అన్నాడు. సరిగ్గా అప్పుడు సూపవ్వ సూపు పళ్లెంతో వచ్చింది. సాహెబు ముందు పెట్టి, గిన్నె పక్కన బోర్లించిన మూత ఎత్తింది. మూత కింద, తుండుగుడ్డ మీద, పెళ్లికొడుకులా మెరుస్తూ నా మొహరు.

"చింతపండు పెట్టి తోమిన సాహెబ్" అంది, గొంతులో ఇసుమంత వణుకు లేకుండా. "మురికి బట్టి ఉండె. మున్షీ బిడ్డకు చెప్పుడు యాది మరిచిన. ముసల్దాన్ని."

సాహెబు ఆమెను చూశాడు, మొహరును చూశాడు, చెంచా నిలబడిన సూపును చూశాడు. మూడింటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో గాని, మొహరు వేయించుకొని బండెక్కాడు.

ఆయన పోయాక నేను వంటింటి గడప మీద కూలబడ్డాను. "ఎందుకు దాచినవ్ అవ్వా? నా పాణం పోయింది గద!"

"పోలే. ఇప్పుడే వచ్చింది" అంది. బూడిదతో గిన్నె తోముతూనే చెప్పింది. "మనిషివై ఉండి మొహరుతోని మీ అవ్వ ముచ్చట చెప్తుంటివి. కిటికీలకెల్లి ఇంటుంటే నా కడుపు తరుక్కపాయె. నాతోనన్న చెప్పకపోతివి. మరి నీ బుక్కులనే ఉన్నది గదా, అది పోతేనే గదా ఆయన పడవ ఇప్పిండు? సూద్దామని తీసిన. గీ సాహెబు ఇయ్యాల్నే దిగుతడని నాకు కల వడ్డదా?"

నేనూ ఒక గిన్నె అందుకొని తోమసాగాను. "ఆ పుస్తకంలో ఒడ్డు మీద ఏమైందో తెలవదు గదా అవ్వా" అన్నాను.

"నాకెరుకే. ఎవరో ఒకరు మజ్జిగ పోసే ఉంటరు."

తరువాత కొన్నాళ్లు మధ్యాహ్నాలు వరండా నిండేది. కంసాలాయన, పన్నెండో ఇంటావిడ, పొడుండబ్బీ తాత, అందరూ ఆ దీపస్తంభం కథను 'రాతి మీది మున్షీ' కథ అంటూ మళ్లీ చెప్పమనేవాళ్లు. సీలంటే మొహరు కాదు, జంతువట అని నేను నిజాయితీగా ఒప్పుకుంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. "జానవరైతే పోతే ఇంకోటి వస్తది. దానికి గంత ఏడుస్తడా? మొహరు పోయిందంటే లెక్క" అని తాత తీర్పు. సాహెబుకు ఇంగ్లీషు సరిగ్గా రాదని కూడా తేలింది.

సంవత్సరాలు పోయాయి. సర్కారు మారింది. ఉర్దూ అక్షరాల పాత మొహర్లన్నీ అప్పగించాలని హుకుం వచ్చింది. అప్పటికి సూపవ్వ లేదు, అంతకు ముందు వానాకాలమే పోయింది. ఏ దేశానికి పోయిందో, యెరూషలేముకు ఇవుతలో అవుతలో, నాకు ఎవరూ చెప్పలేదు. వరండాలో వినేవాళ్లు కూడా ఒక్కొక్కరుగా తగ్గి, మళ్లీ గాలీ, తలుపు రెక్కలూ మిగిలాయి. మొహర్లు పోగుచేయడానికి కొత్త గుమాస్తా ఒకాయన జీపులో వచ్చి బంగళాలో భోంచేస్తున్నాడు. నేను మొహరు తీసుకుపోయి బండ మీద పెట్టి పక్కన కూర్చున్నాను. చెప్పవలసినవి చాలా ఉండె గానీ ఏమీ చెప్పలేదు. కిటికీలో ఎవరూ లేరు కదా, వినేది ఎవరు?

పిలుపు రాగానే పోయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏమిటయ్యా, ఇది ఇంత వెచ్చగా ఉంది?"

"జర సేపు ఎండల కూసున్నదండి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా దాన్ని మిగతా మొహర్ల సంచిలో వేసుకున్నాడు. అడిగి ఉంటే ఈ పిచ్చి మున్షీ అంతా చెప్పేవాడు, ఎ నుంచి ఎమ్ దాకా.